నడిమి రెండు పలకలు

ఫిబ్రవరి 15, 2004. ఆదివారం

పొద్దున నువ్వన్నది తప్పు. కేకు మీద ఎర్రగా కూర్చునేది చెర్రీ పండు కాదు. మన హిందూపురం బజారు బేకరీల్లో పెట్టేది కలివికాయ. కొండ పక్కన ముళ్ళకంపల్లో కాసే కలివికాయకే గింజ తీసి, చక్కెర పాకంలో ఊరబెట్టి, రంగు పట్టించి, చెర్రీ అని పేరు పెట్టారు. బాప్తిస్మం ఇచ్చి పేరు మార్చినట్టు. కాబట్టి "కేకు మీద పండుకు ఇంత మాను యాడిది?" అని నువ్వు నవ్వడం, నీతోబాటు మనవరాలు నీలావతి నవ్వడం, రెండూ తెలివితక్కువే. అసలు చెర్రీ చలిదేశపు చెట్టు. దాని పండు నువ్వూ నేనూ చూసింది లేదు, ఇక చూడబోయేదీ లేదు. కట్టె మాత్రం వచ్చి మన వాకిట్లో పడింది.

ఈ మాట అప్పుడే అనాల్సింది. నీలావతి ముందు నిన్ను సరిదిద్దితే మధ్యాహ్నం దాకా మూతి ముడుచుకుంటావని మింగేశాను. ఏసురత్నంగారితో ఇంతకాలం కాపురం చేసినదాని కడుపులో, అన్న మాటలకంటే మింగిన మాటలే ఎక్కువ. కొత్త సంవత్సరానికి మన కూతురు మేరీ ఈ డైరీ తెచ్చిచ్చింది కాబట్టి ఇక మింగినవన్నీ ఇందులో కక్కుతాను. నువ్వు చదవవు. చదవాలన్నా నీ కళ్ళకు నా అక్షరాలు చీమలబారే.

పెనుకొండ చర్చిలో రొట్టె, రసం పెట్టే ప్రభువు బల్లకు చెదలు పట్టాయి. ఆ సంగతి నేను ఇంట్లో చెప్పడమే పొరపాటు. నీలావతి బెంగుళూరులో ఆఫీసులకు చెక్కపని చేసే కంపెనీలో ఉంది కదా, అక్కడ మిగిలిపోయిన పలకలు అడిగి టెంపోలో వేయించుకుని వచ్చింది. "తాతా, కొత్త బల్ల నువ్వే చెయ్యి" అంది. అంతే. ధర్మవరం రైల్వేలో వడ్రంగిగా రిటైరయ్యాక మూలపడ్డ పెద్ద రంపానికి అరగంటలో ఆకురాయి పట్టావు.

కంటి డాక్టరు శుక్లం అన్నాడు. "పండనీలే, మామిడికాయ మాదిరి" అన్నావు. పండుతున్న కళ్ళతో రంపం కోత! నాకు ఇష్టం లేదు. రాసిపెడుతున్నా.

ఫిబ్రవరి 17, మంగళవారం

కాఫీలో పొట్టు.

వచ్చిన పలకలన్నీ చెర్రీ కావట. రబ్బరు కట్టె కూడా కలిసి ఉంది. రెండూ లేత గులాబీ చాయలో ఒక తల్లి బిడ్డల్లా ఉన్నాయి. నువ్వు ఒక్కో పలక అంచు మీద చిత్రిక పట్టి, ఊడిన చుట్టను ముక్కు దగ్గర పెట్టుకున్నావు.

"ఇది రబ్బరు. పులిసిన వాసన. అవతల పెట్టు."

"మరి ఇదో?"

"ఇది నీ చలిదేశం."

"దాని వాసన ఎట్లుంది?"

"వాసనే లేదు. కొంచెం, చక్కెర మాడినట్టు. సూడు, నీకు తెలుస్తాది."

నాకు తెలియలేదు. బడిలో సైన్సు చెప్పిన నాటి భూతద్దం తెచ్చుకున్నాను. రబ్బరు కట్టెలో గోధుమరంగు గీతలు, సూదిమొనతో గీరినట్టు పొట్టి పొట్టిగా ఉన్నాయి. చెర్రీలో రంధ్రాలు కంటికి ఆనవు. తడిచేత్తో అద్దిన సంకటిముద్దలా నున్నగా ఉంది. అక్కడక్కడా మాత్రం సన్నటి నల్లగీతలు, కాటుక పుల్ల జారినట్టు. అది ఆ చెట్టు బంక అని నీలావతి చెప్పి పోయింది. టేకుతో పెరిగిన నీకు ఇది కట్టె కిందకే రాదు. అయినా అరచేత్తో తడుముతూ ఆపవు.

నువ్వు వాసన చూసి చెప్పడం, నేను భూతద్దంలో చూసి ఒప్పుకోవడం. చెర్రీ అని తేలిన ప్రతి పలకకూ సుద్దముక్కతో టిక్కు పెట్టాను, పరీక్ష పేపర్లు దిద్దినట్టు. ఒక్క పలక దగ్గర నీకూ నాకూ తేడా వచ్చింది. మళ్ళీ చూస్తే నీదే కరెక్టు. ఆ సంగతి నీకు చెప్పలేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

మంచినీళ్ళలో రంపపు పొట్టు. తలలో పొట్టు. బైబిల్లో కీర్తనల దగ్గర పొట్టు.

అద్దెకు తెచ్చిన కరెంటు రంపానికి పళ్ళు అరిగాయి. ఒక పలక అంచు మాడి నల్లబడింది. చక్కెర కమిరిన వాసన వీధి మొగదాకా పోయి ఎదురింటివాళ్ళు పాకం చెడిందా అని అడిగారు. నువ్వేమో ఇకిలిస్తూ, "ఈ కట్టెకు రోషం జాస్తి, టీచరమ్మా. ఆపకుండా పోతాంటే ఏమనదు. ఒక్క గడియ నిలబడితివా, మాడిపోతాది. నీ మాదిరే" అన్నావు.

నీ కాఫీ గ్లాసు మూత తీసి, పొట్టు దగ్గరే పెట్టి వచ్చాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

కట్టె మరీ పాలిపోయి ఉంది, తేనె రంగు పూద్దామన్నావు. వద్దన్నాను. పూశావు. వానచుక్కలు పడ్డ సున్నపు గోడలా పొడలు పొడలుగా పట్టింది. ముక్క మీద పూసి చూశావు కాబట్టి బతికాం. ఇక అవిసె నూనె ఒక్కటే. దేవుడిచ్చిన రంగు చాలని నేను. ఈసారి గెలుపు నాది.

ఫిబ్రవరి 28, శనివారం

బల్ల అయిపోయింది. పైన నాలుగు పలకలు, నిడివిగా. "అతుకు యాడుండాదో సూపించు" అన్నావు. చూపించలేకపోయాను.

"కండ్లు మూసుకో. ఇప్పుడు వేలితో సూడు."

మూసుకున్నాను. దొరికింది, వెంట్రుకంత.

"అట్ల సూడాల" అన్నావు, స్కూలు ఇన్‌స్పెక్టరులా. మీసాల నిండా పొట్టు.

నేను అల్లిన లేసుగుడ్డ కూడా అయింది. నిడివికి బల్లంత, వెడల్పుకు నడిమి రెండు పలకలకంటే కొంచెం తక్కువ. మధ్యలో దట్టమైన తెల్లగుడ్డ, చుట్టూ అంచున వంపు వంపుగా శంఖాల వరుస. ఒక మూల ఒక శంఖం తప్పిపోయింది. మేరీతో మాట్లాడుతూ అల్లితే అంతే. విప్పి మళ్ళీ అల్లే ఓపిక లేదు. ఆ మూల గోడవైపు తిప్పి పరిస్తే సరి. చర్చి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలిని, నా అల్లికలో తప్పు ఎవరు వెతుకుతారు?

ఫిబ్రవరి 29, ఆదివారం

బల్ల పెనుకొండ చేరింది. చర్చి ముందుభాగానికి సున్నం కొడుతున్నారు, ఈస్టరుకు గానీ ప్రతిష్ఠ లేదు. అందాకా దక్షిణపు కిటికీ కింద పెట్టించాను. ఆ కిటికీకి అద్దాలు బిగించారు, చెక్క రెక్కలు ఇంకా రాలేదు. ఎండ సూటిగా లోపలికే.

ప్రతిష్ఠ దాకా ప్రభువు బల్లను వట్టిగా ఉంచకూడదని మా సమాజం పద్ధతి. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ తప్పరు. నా గుడ్డ పరిచి, ఎగరకుండా ఇత్తడి కుండీలు రెండు పెట్టి, ఎవరూ కదిలించవద్దని గట్టిగా చెప్పి వచ్చాను. నేను గట్టిగా చెబితే పెనుకొండలో సగం మంది ఇప్పటికీ చేతులు కట్టుకుంటారు. ఆ సగానికీ సైన్సు చెప్పింది నేనే.

మార్చి 12, శుక్రవారం

స్టూలు మొదలుపెట్టావు. దేనికని అడిగితే "కూసునేకి" అన్నావు. కాఫీలో పొట్టు.

మార్చి 27, శనివారం

తిరుపాల్ వచ్చాడు. ఇప్పుడు పెనుకొండ సంఘానికి కోశాధికారి. నా దగ్గర ఎనిమిదో తరగతిలో, ఆకుకు పచ్చరంగు దేనివల్ల వస్తుందని అడిగితే పెయింటు అన్నాడు.

"టీచరమ్మా, చెప్పేకి నోరు రాలేదు."

"రాకుంటే బస్సెక్కి ఎందుకు వచ్చావు? చెప్పు."

"శ్రమల వారం వస్తాంది కదాని పాస్టరయ్యగారి భార్య ఉతికేకి గుడ్డ తీసిందమ్మా. నడిమి రెండు పలకలు వేరే కట్టె. అంచు పలకలు బెల్లం మాదిరి ఎర్రగా ఉండాయి. నడిమివి తెల్లగా పాలిపోయి ఉండాయి. అందరూ సూసినారు."

"అయితే?"

"నేననేది కాదు, జనం అంటాండారు. పాడు కట్టె నడిమికి ఏసి, దాని మింద గుడ్డ కప్పినారని. కదిలించొద్దని గూడా చెప్పి పోతిరి గదా."

నా నోట్లో ఎన్ని మాటలు వరసకట్టాయో నాకే తెలియదు. మొదటిది బయటకు వచ్చేలోపు నీ వైపు చూశాను. నువ్వు ఉలి చేత్తో పట్టుకుని నిలబడి, "రబ్బరు పలకలు..." అని గొణిగావు. తిరుపాల్‌తో కాదు. ఎవరితోనూ కాదు.

ఈస్టరుకు పాత బల్లకే రంగు వేసి పెట్టుకుంటారట. కొత్తది వెనక గదిలోకి, పాత చాపల పక్కకు.

మార్చి 28, ఆదివారం

నా మోకాలు వాచి ఉంది. నువ్వొక్కడివే పెనుకొండకు పోయి వచ్చావు. చెప్పులు విప్పకుండానే చెప్పావు:

"నిజమే. నడిమివి తెల్లగా ఉండాయి. రబ్బరు కలిసిపోయినట్టుండాది. నా కండ్లు..."

"ఏమన్నావు వాళ్ళతో?"

"తప్పు నాదే అన్నా. అందరి ముందరా."

తిరుపాల్ మీద అరవాల్సిన నోరు అది. నీ మీద అరిచింది. కళ్ళు లేనివాడికి రంపం ఎందుకని ముందే చెప్పాను కదా అన్నాను.

నువ్వు చిత్రిక, ఉలులు, రంపం గోనెసంచిలో పెట్టి, సైకిలు ట్యూబుతో మూతి కట్టేశావు.

మార్చి 29, సోమవారం

పొట్టు లేదు. ఇల్లు అద్దంలా ఉంది.

మార్చి 30, మంగళవారం

పొట్టు లేదు. హాయి.

"మేరీ, మీ నాయనను అన్నానికి రమ్మను."

"మేరీ, ఆకలి లేదని మీ అమ్మకు చెప్పు."

మేరీ గరిటె కింద పెట్టి, "నేనేమన్నా టెలిఫోను ఎక్స్చేంజా?" అంది. ఇద్దరమూ నవ్వలేదు. నవ్వదగ్గ మాటే.

ఏప్రిల్ 1, గురువారం

కాఫీ శుభ్రంగా ఉంది. సగం వదిలేశాను.

నువ్వు పగలంతా ఆ సగం చేసిన స్టూలు పక్కన నేల మీద కూర్చుంటావు. దాన్ని తాకవు. పేపరు అడ్డంగా పట్టుకుంటావు, తిప్పవు. కంటి ఆపరేషనుకు పేరు రాయించమంటావా అని మేరీ అడిగితే, "సూసేకి ఇంకేముండాది?" అన్నావు. సాయంత్రం గోడకు చెప్పినట్టు మేరీకి చెప్పావు: గుడిబండ వడ్రంగి ఓబుళప్ప సోమవారం వస్తాడు, సంచి ఇచ్చెయ్యి.

రంపం మానమని పోరింది నేనే. మానావు. నేను కోరుకున్నదే జరిగింది. ఇందులో బాధపడేందుకు ఏముంది?

ఒక సంగతి ఇప్పుడే గుర్తొచ్చింది. ఆ పలకలకు టిక్కు పెట్టింది నేను. భూతద్దంలో చూసింది నేను. నా కళ్ళకు శుక్లం లేదు. రబ్బరు పలక కలిసి ఉంటే ఇద్దరం కలిపి ఉండాలి.

ఇప్పుడే కాదు. మొన్ననే గుర్తొచ్చింది.

ఏప్రిల్ 3, శనివారం

మోకాలు తగ్గింది. తగ్గలేదు, కానీ పోయాను. మట్టల ఆదివారానికి చర్చి కడగడం స్త్రీల సమాజం పని. అధ్యక్షురాలు ఇంట్లో దాక్కుంటే ఊరు అనుకున్నదే నిజమవుతుంది.

నన్ను చూసి చీపుర్లు కాసేపు ఆగి మళ్ళీ ఊడ్చాయి. బల్ల ఇంకా కిటికీ కిందే ఉంది, మోసేవాళ్ళు దొరకలేదేమో. దాని మీద ఎవరిదో పాత దుప్పటి. లాగేశాను.

తిరుపాల్ అబద్ధం చెప్పలేదు. అంచులు రెండూ పాతబెల్లం రంగు. నడుమ ఇంత వెడల్పున, మనం పంపిన నాటి పాలిపోయిన రంగు. ఒక నిమిషం, రాయకుండా ఉండలేను, నేను కూడా నమ్మాను.

సరే, చెడ్డ పలక ఏదో చూద్దామని సంచిలోంచి భూతద్దం తీసి వంగాను. తెలుపు మీద ఆ నల్లటి బంక గీత ఉంది. కాటుక పుల్ల జారినట్టు. ఎరుపు మీద కూడా ఉంది. సూదిగీతలు ఎక్కడా లేవు. ఇదీ చెర్రీయే, అదీ చెర్రీయే.

అప్పుడు రంగు మారేచోటు చూశాను. పలక అయితే గీత గీసినట్టు మారాలి కదా. అక్కడ గీత లేదు. అలలు అలలుగా ఉంది. వంపు, వంపు, వంపు. నా వేలికి ఆ వంపులు తెలుసు. రెండు వారాలు కొక్కెం పట్టుకుని వాటినే అల్లింది ఈ వేలు.

అవి శంఖాలు. నా శంఖాలు.

గోడవైపు మూలకు పోయాను. అక్కడ ఒకటి లేదు.

పెద్దగా నవ్వానట. అయ్యగారి భార్య మగ్గుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తి వచ్చింది. "గుడ్డ తే అమ్మా, ఉతికిన గుడ్డ తే" అన్నాను. తెచ్చింది. పరిచాను. తెలుపు మీద తెలుపు, అంచు మీద అంచు, అద్దినట్టు కూర్చుంది. అటుదిటు తిప్పి పరిచాను. కుదరలేదు. తప్పిన శంఖం ఎదురుమూలకు పోయింది, బల్ల మీది తప్పు గోడ దగ్గరే మిగిలింది. మళ్ళీ తిప్పాను. కుదిరింది.

మా సమాజపు యల్లక్క చీపురు వదిలేసి రెండు చేతులూ జోడించింది. "అద్భుతం టీచరమ్మా! ప్రభువు నీ లేసును బల్ల మింద అచ్చేసినాడు!"

"ప్రభువుకు వేరే పనులున్నాయి, యల్లక్కా. ఇది ఎండ చేసిన పని. ఈ కట్టె ఎండకు ఎర్రబడుతోంది. గుడ్డ ఉన్నచోట ఎండ తగల్లేదు."

"గుడ్డ కప్పిందెవరో?"

"నేనే."

పద్ధతి ప్రకారం, గట్టిగా చెప్పి మరీ కప్పాను.

బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ నుంచి బెంగుళూరుకు, నీలావతికి ఫోను చేశాను.

"అదా అవ్వా! చెర్రీ అంతే. మొదట్లో తెల్లగా ఉండి, ఎండ తగిలేకొద్దీ ఎర్రబడతాది. కొత్తలో దాని మింద ఏమీ పెట్టగూడదు. మా ఆఫీసు వాచ్‌మన్‌కు గూడా తెలుసు."

"మాకెందుకు చెప్పలేదే?"

"మీరు అడగలే."

"ఇప్పుడు అడుగుతున్నా. ఆ మచ్చ పోతుందా?"

"గుడ్డ తీసి ఎండలో వదిలెయ్ అవ్వా. తెల్లది నిదానంగా ఎర్రబడి, దాంట్లో కలిసిపోతాది. ఎందుకు, తాత ఏమన్నా అన్నాడా?"

మీ తాత ఏమీ అనకపోవడమే కదా తల్లీ నా బాధ. అది ఫోనులో చెప్పలేదు.

తిరుపాల్‌కు ఈరోజే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ముందు నువ్వు చూడాలి. బస్సులో సోమందేపల్లి దాకా మంచి మంచి వాక్యాలు కూర్చుకున్నాను. ఇంటికి వచ్చి నీ ఎదురుగా నిలబడితే వచ్చింది ఇదీ:

"ఏమయ్యా, రేపు నాతో పెనుకొండకు రా."

నువ్వు తలెత్తావు. చాలా రోజులకు నా ముఖం వైపు. "ఎందుకు?"

"మట్టల ఆదివారం. దేవుడి కోసం రా."

"ఊ" అన్నావు.

ఏప్రిల్ 4, ఆదివారం. మట్టల ఆదివారం

వరసగా రాస్తాను.

ఆరాధన అయ్యాక చేతుల్లో ఈత మట్టలతోనే అందరినీ ఆగమన్నాను. నిన్ను బల్ల దగ్గరకు తీసుకుపోయాను. నువ్వు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డావు, మ్యూజియంలో నిలబడ్డట్టు.

"ముట్టుకో" అన్నాను.

"ఎందుకులే."

"మొన్న ముట్టుకున్నావా?"

నా చెవి దగ్గరకు వంగి అన్నావు: "ముట్టలే. అందరూ సూస్తాండిరి. తడుముకుంటాంటే గుడ్డోడనుకుంటారని, చేతులు తీయలే."

ధర్మవరంలో రైలు పెట్టెల తలుపులు చీకట్లో తడిమి బాగుచేసిన చేతులు! వాటిని వెనక్కి కట్టుకుని, కళ్ళ మాట నమ్మి వచ్చావు. నీ చెయ్యి లాగి బల్ల మీద పెట్టాను. చూపుడువేలు పట్టుకుని రంగు మారేచోట ఆనించాను.

"ఇక్కడ తెలుపు అయిపోతుంది, ఎరుపు మొదలవుతుంది. ఇక్కడ అతుకుందా చెప్పు."

కళ్ళు మూసుకున్నావు. వేలు ముందుకూ వెనక్కూ పోయింది.

"ఈడ లేదే" అన్నావు. వేలు ఎర్రటి భాగంలోకి రెండంగుళాలు జరిగి ఆగింది. "ఆడుండాది. అతుకు ఆడుండాది!"

"అంటే?"

"అంటే..." కళ్ళు తెరిచావు. "ఒకే పలకలో రెండు రంగులుండాయి. పలక మారలే. రంగే మారింది."

"రబ్బరు పలక?"

"యాడ రబ్బరు? ఒక్కటీ లేదు! నా చెయ్యి తప్పు చేయలే!"

"చేయలేదు. తప్పు చేసింది నా చెయ్యి."

గుడ్డ పరిచి చూపించాను. ముందు సరిగ్గా, తరవాత తిప్పి, మళ్ళీ సరిగ్గా. కావాలంటే ఎవరైనా చూసుకోండని తప్పిన శంఖం దగ్గర వేలు పెట్టాను. చూసుకోకుండా ఎవరుంటారు? స్త్రీల సమాజం మొత్తం వరసగా వచ్చి, వంగి, అధ్యక్షురాలి అల్లికలో తప్పు చూసుకుని, తృప్తిగా పక్కకు జరిగింది. అంత క్రమశిక్షణ నేను బడిలో కూడా చూడలేదు.

తిరుపాల్ చివర వచ్చాడు. గుడ్డ ఎత్తి చూశాడు, దించి చూశాడు, అతుకు వెంట తనూ వేలు పోనిచ్చాడు. తరవాత నీ ముందు నిలబడ్డాడు. "ఏసన్నా, తప్పయింది. నోరు జారినా."

"పోనీలేప్పా. నేనే ఒప్పుకుంటి గదా" అన్నావు నువ్వు.

నేను అంత మంచిదాన్ని కాదు. "తిరుపాల్, ఎండకు రంగు మారడం ఎనిమిదో తరగతి పాఠం. ఆరోజు నువ్వు రాలేదా?" అన్నాను.

"వచ్చినా టీచరమ్మా. పెయింటు అని చెప్పి బయట నిలబడితి."

చర్చి మొత్తం నవ్వింది. నువ్వు అందరికంటే గట్టిగా, దగ్గు వచ్చేదాకా.

అయ్యగారు అక్కడే తేల్చారు: ఈస్టరుకు ఈ బల్లే, గుడ్డ లేకుండా. యల్లక్క వట్టి బల్ల పెడితే పద్ధతి కాదని గొణిగింది. పద్ధతి మా సమాజానిది, అధ్యక్షురాలిగా నేనే ఎత్తేస్తున్నానన్నాను.

బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చావు. హిందూపురం వచ్చేదాకా నీ వేళ్ళు సీటు అంచు చెక్క మీద అటూ ఇటూ పోతూనే ఉన్నాయి.

నేను ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడగాలనుకున్నాను. "టీ తాగుతావా?" అని అడిగాను. "తాగుదాం" అన్నావు. నీకు తెలిసింది.

ఏప్రిల్ 5, సోమవారం

ఓబుళప్ప ఉలుల కోసం గుడిబండ నుంచి వచ్చాడు. సంచి మూతి విప్పి ఉంది, నువ్వు స్టూలు కాళ్ళు కోస్తున్నావు. పాపం, అతనికి కాఫీ ఇచ్చి పంపాను. "అమ్మా, కాఫీలో పొట్టుండాది" అన్నాడు.

"ఈ ఇంట్లో అంతే" అన్నాను.

ఏప్రిల్ 8, గురువారం

నువ్వే మేరీని పిలిచి కంటి ఆపరేషనుకు పేరు రాయించమన్నావు. ఈస్టరు దాటిన వారం. మేరీ నా వైపు చూసింది, నేను చిక్కుడుకాయల వైపు చూశాను.

తరవాత వంటింటి గడపలో కూర్చుని అడిగావు. "టీచరమ్మా, ఆ లేసు అచ్చు శానా బాగుండాదంట గదా?"

"ఎవరన్నారు?"

"అందరూ. తెలుపు, ఎరుపు తెలిసె గానీ, ఆ వంకులు నా కండ్లకు ఆనలే. నువ్వు తప్పు అల్లింది సూడకుండా పోతానేమో. కండ్లు బాగయ్యేలోగా ఎండ దాన్ని కలిపేస్తాది గదా?"

ఇంతకాలం నా తప్పు ఒక్కటి దొరకదా అని చూశాడు ఈ మనిషి. దొరికిన నాడు కళ్ళు లేవు.

"చిక్కుళ్ళు మాడుతున్నాయి, అవతలికి పో" అన్నాను. మాడలేదు.

ఏప్రిల్ 10, శనివారం

ఈ పేజీ చించి నీ చొక్కా జేబులో పెడుతున్నా. అందుకే ఇంతింత లావు అక్షరాలు. అప్పటికీ ఆనకపోతే తిరుపాల్‌తో చదివించుకో, వాడికీ చదివే అలవాటవుతుంది.

ఈరోజు పెనుకొండలో బస్సు దిగగానే నేరుగా చర్చికి పో. నలుగురినీ పిలిచి బల్లను ముందుకు, దాని చోటికి చేర్పించు, కాళ్ళు ఈడ్చనీయకు. అవిసె నూనె సీసా సంచిలో నిలబెట్టాను, మూత గట్టిదే. పాత పంచె ముక్కతో పలుచగా ఒక్కసారి పట్టించు, మిగిలింది తుడిచెయ్యి. తేనె రంగు మాట ఎత్తకు. కుండీలు, పుస్తకాలు, కానుకల పళ్ళెం ఏవీ ఒకేచోట వదలవద్దని అయ్యగారి భార్యకు నా మాటగా చెప్పు. రేపు ఈస్టరు ఆరాధన అయ్యాక, మిగతా తెలుపు ఎర్రబడేందుకు బల్లను మళ్ళీ కిటికీ కిందకు పెట్టిస్తాను.

నా శంఖం తప్పిన మూల ఒక్కటి ఎండకు వదలకు. సంచి అడుగున నల్లగుడ్డ నాలుగు మడతలు వేసి ఉంది. నూనె ఆరాక ఆ మూల మీద కప్పు. తెలుపూ ఎరుపూ రెండూ దాని కిందకు రావాలి, అప్పుడే అచ్చు ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది. నీ కంటి కట్టు విప్పేదాకా దాన్ని ఎవరూ తీయకూడదు. ఇది ఏమిటని యల్లక్క అడిగితే కొత్త పద్ధతి అని చెప్పు. ఎగరకుండా దాని మీద కుండీ పెట్టకు, బరువు. పాటల పుస్తకం చాలు.